ముందరమ్మ కనుమ: కొత్తవారు ముందు నడిచే క్షేత్రం

ఈ పుస్తకాన్ని కనుమ దిగి వచ్చిన భక్తులకు మాత్రమే ఇస్తాము. ఎక్కబోయేవారికి ఇవ్వము, చదివి వినిపించము. కనుక ఇది మీ చేతిలో ఉన్నదంటే మీరు అమ్మవారిని దర్శించి, అవతలి లోయలో నీళ్ళు తాగి, మోకాళ్ళకు ఎర్రమన్ను రాసుకొని తిరిగి వచ్చారని అర్థం. అలా కాక, ఎవరి సంచిలోనుంచో తీసి చదువుతున్నట్లయితే దయచేసి ఇక్కడితో మూసివేయండి. తెలియక చదివినందుకు దోషమేమీ లేదు గాని, ఇంకొంచెం చదివితే మీరు కొత్తవారు కాకుండా పోతారు. దానికి పరిహారం మా క్షేత్రంలో లేదు.

ముందరమ్మ కనుమ రాయలసీమ మెట్టనేలలో, జాలవాండ్లపల్లెకు పడమరగా రెండు మైళ్ళ దూరంలో ఉన్నది. పల్లె దాకా బస్సు వస్తుంది. అక్కడినుంచి కొండ అడుగున ఉన్న రేకుల పందిరి వరకు ఆటోలు తిరుగుతాయి. పందిరి నుంచి పైకి ఇరవై నిమిషాల నడక. దారి ఇరుకు కావడంచేత ఒకరి వెనుక ఒకరు నడవవలసిందే. చివరి మలుపు తిరగగానే ఎడమవైపున నల్లని పెద్ద బండ, దాని పక్కన రాతిగూడులో మూరెడు ఎత్తు విగ్రహం ఉంటాయి. విగ్రహం లోయవైపు తిరిగి ఉంటుంది. భక్తులకు కనిపించేది అమ్మవారి వీపు, ఆమె కప్పుకొన్న గొంగడి, ఆ గొంగడికి వేసిన ఒక అతుకు. హారతి కూడా వీపుకే ఇస్తాము. శిల్పి పొరపాటు చేశాడని కొందరు, ప్రతిష్ఠ చేసినవారికి దిక్కులు తెలియవని కొందరు అనుకుంటూ ఉంటారు. రెండూ నిజం కావు.

పందిరి దగ్గర కూర్చున్న మనిషి ప్రతి గుంపునూ ఒకే మాట అడగడం మీరు విన్నారు. "మీలో కొత్తవారెవరు?" కనుమను ఇదివరకు చూడనివారు, దాని సంగతి విననివారు ముందు నడవాలి. పాతవారంతా వెనుక నడవాలి. గుంపులో కొత్తవారు లేకపోతే, ఎవరైనా వచ్చేదాకా పందిరి కింద కూర్చోవాలి. ఎంత పెద్దవారికైనా ఇందులో మినహాయింపు లేదు. పోయిన మాఘమాసంలో పట్నం నుంచి ఇరవై ఆరుమంది ఒక వ్యానులో వచ్చారు. అందరూ పాతవారే. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. చివరికి వ్యాను నడిపే అతనే కొత్తవాడని తేలింది. అంతసేపూ అతను వ్యాను నీడన పడుకొని నిద్రపోతున్నాడు. తాను డ్రైవరుననీ, తనకు మొక్కులేమీ లేవనీ ఎంత చెప్పినా వినకుండా అతన్ని లేపి ముందు నడిపించారు. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ అతను నడిచాడు, ఇరవై ఆరుమంది చేతులు జోడించుకొని వెనుక నడిచారు.

ఈ మధ్య సెల్‌ఫోన్లవల్ల మాకు చిక్కు వచ్చింది. ఫోనులో బండ ఫొటో చూసివచ్చి, తాము కొత్తవారమేనని వాదించేవారు ఎక్కువయ్యారు. చూసినవారు చూసినవారే. దయచేసి వాదించవద్దు. మా మనిషికి అసలే కోపమెక్కువ.

ఇక ఈ ఆచారం ఎలా వచ్చిందో చెబుతాను.

పూర్వం జాలవాండ్లపల్లెలో నలభై గడపల గొర్రెలకాపరులు నివసించేవారు. కనుమకు అవతల ఊటలోయ. ఎంత ఎండాకాలంలోనైనా అక్కడి ఊట ఇంకేది కాదు. పెద్దల కాలంలో మందలన్నీ కనుమ దాటి అక్కడే నీళ్ళు తాగేవి. ఒక సాయంకాలం ఒక కాపరి చివరి మలుపు దగ్గర పులి పడుకొని ఉండగా చూశాడు. వెనుదిరిగి పరుగెత్తి, దారి పక్కన లోతుగా ఉన్న వంకలో, అంటే వాగులో పడ్డాడు. నడుము విరిగింది. రెండు రోజులు బతికి, తాను చూసింది చెప్పి కన్నుమూశాడు. ఆ తరువాత వెళ్ళిన ఇద్దరు అదే చోట అదే పులిని చూసి, అలాగే పరుగెత్తి, అదే వంకలో పడి పోయారు. ముగ్గురి ఒంటిమీదా గోటి గాటు లేదు. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు. పులి ఉన్నదో లేదో గాని, పులివల్ల చనిపోయినవారు ముగ్గురు ఉన్నారు. అటువంటప్పుడు పులి లేదని చెప్పడానికి ఎవరికి నోరు వస్తుంది?

అంతకంటె గట్టి సాక్ష్యం గొర్రెలు పలికాయి. కాపరి ముందు నడుస్తూ కూత పెడితే మంద అతని వెంట వస్తుంది. కనుమ మలుపు దగ్గరకు రాగానే మంద నిలిచిపోయేది. చెవులు నిక్కించి, బెదిరి, వెనక్కి తిరిగేది. గొర్రెకు పులి వాసన తెలుస్తుంది గనుక అక్కడ పులి ఉన్నదని కాపరులు నిశ్చయించుకున్నారు. వారు గమనించనిది ఒకటి ఉంది. మలుపు దగ్గరకు వచ్చేసరికి కాపరి గొంతు బిగుసుకునేది. కూత సగంలో తెగేది. ముందున్న పొట్టేలు ఆ గొంతు విని ఆగేది, పొట్టేలును చూసి మంద ఆగేది. కాపరులు గొర్రెలను చూసి భయపడ్డారు, గొర్రెలు కాపరులను చూసి భయపడ్డాయి. ఇలా అరవై ఏళ్ళు గడిచిపోయాయి. మనుషుల మాట కంటె గొర్రెల మాటను ఎక్కువ నమ్మేవారు మాత్రమే చేయగల పొరపాటు ఇది. మా పెద్దలు గనుకనే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ఆ అరవై ఏళ్ళూ ఊటకు పోవాలంటే కొండ చుట్టి ఏడు క్రోసులు నడిచేవారు. దారిలో చుక్క నీరు ఉండేది కాదు. వానలు బాగున్న ఏడు అది కష్టమే గాని ప్రాణం మీదికి వచ్చేది కాదు. వరుసగా మూడేళ్ళు వానలు పోయిన తరువాత కథ మారింది.

ఆ కాలంలో సిద్దప్ప అనే పెద్దకాపరి ఉండేవాడు. అతనికి నూటనలభై గొర్రెలు. అందులో సగం చూడివి. కొడుకు మాళప్ప మేత వెతుక్కుంటూ దక్షిణదేశం పోయి ఉన్నాడు. ఇంట్లో ఉన్నది సిద్దప్ప, అతని భార్య, కాపురానికి వచ్చి నెలన్నర అయిన కోడలు కెంచమ్మ. కెంచమ్మది రెండురోజుల నడక దూరంలోని ఊరు. కొత్తకోడలి చెవిన మూడు నెలల దాకా పులిమాట వేయరాదని మావాళ్ళ పట్టింపు. అందువల్ల ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఒకనాడు సిద్దప్పకు జ్వరం వచ్చింది. కెంచమ్మ మందను తోలుకొని బయలుదేరింది. కొండ సందులోనుంచి చల్లగాలి వచ్చినట్టు తోచి అటు నడిచింది. తన పుట్టినూరి కూత పెడుతూ, వెనక్కి చూడకుండా కనుమ దాటింది. మందంతా ఆమె వెంట దాటింది. ఊటలో గొర్రెలు కడుపునిండా తాగాయి. తిరిగి వస్తూ ఆమె నల్లబండకు వీపు ఆనించి కూర్చొని సద్ది తిన్నది. బండలో రెండు కాకిబంగారపు మచ్చలు ఎండకు మెరుస్తుంటే ముచ్చటపడి వేలితో తుడిచి చూసింది.

సాయంత్రం దొడ్డి దగ్గర సిద్దప్ప గొర్రెల కాళ్ళు చూశాడు. మోకాళ్ళ దాకా తడి ఎర్రమన్ను. ఇవతలివైపు ఎక్కడా తడిమన్ను లేని కాలం అది.

"యాడ తాపినావమ్మా?" అని అడిగాడు.

"కొండ సందులోనుంచి పోతే ఊట ఉండాది గదా మామా. ఆడ తాపినా. వచ్చేటప్పుడు నల్లబండ కాడ సద్ది తిన్యా."

సిద్దప్ప ఉన్నచోటనే కూలబడ్డాడు. జ్వరంలో ఉన్న మనిషి, పట్టింపు మరచిపోయాడు. అది బండ కాదనీ, ముగ్గురిని తిన్న పులి అనీ, తమ తాతలనాటి నుంచి ఆ దారిన ఎవరూ పోలేదనీ అంతా చెప్పేశాడు. కెంచమ్మ నవ్వింది. తాను దాని మీద చెయ్యి వేసి చూశానని చెప్పింది. రేపు అందరి ఎదుటా మందను దాటిస్తానని మామకు మాట ఇచ్చింది.

మరునాడు ఊరంతా వంక ఒడ్డున నిలబడి చూస్తున్నది. కెంచమ్మ కూత పెట్టుకుంటూ నడిచింది. చివరి మలుపు తిరిగింది. నిన్న తాను తుడిచిన రెండు మచ్చలు ఈనాడు ఆమెను చూస్తున్నాయి. వీపు ఆనించిన చోట పులి భుజం ఉన్నది. అది బండ అని ఆమెకు తెలుసు. నిన్నటి రొట్టె తునకలు కూడా దాని పక్కన పడి ఉన్నాయి. అయినా కనిపించింది పులే. గొంతులో కూత తెగిపోయింది. పొట్టేలు ఆగింది. మంద ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. ఆ తొక్కిసలాటలో రెండు గొర్రెపిల్లలు నలిగి చచ్చిపోయాయి.

"నిన్న అది ఏటకు పోయి ఉంటాదిలే. నీ అదురుష్టం" అన్నారు ఊరివారు. కొందరు ఆమె వైపు అదోలా చూసి పక్కకు తప్పుకున్నారు. పులి పక్కన కూర్చొని తిన్న మనిషిని వారికి ఎలా చూడాలో తెలియలేదు.

వంకలో తవ్విన చెలమలో ఊరే నీరు రోజుకు నాలుగు కుండలకు దిగింది. మాళప్ప దగ్గరనుంచి కబురు రాగానే దక్షిణానికి వలసపోదామని సిద్దప్ప నిర్ణయించాడు. చూడి గొర్రెలు అంతదూరం నడవలేవని అతనికీ తెలుసు, చిన్నపిల్లలకూ తెలుసు. డెబ్బై గొర్రెలు, వాటి కడుపులోని పిల్లలు పోతే ఆ ఇల్లు మళ్ళీ లేవదు. అత్త వంట చేస్తూ కళ్ళు తుడుచుకునేది. నీళ్ళు చూసివచ్చినది తాను, అక్కడికి మందను తీసుకుపోలేనిది తాను అని కెంచమ్మకు తిండి సయించలేదు.

ఒకనాటి మధ్యాహ్నం దొడ్డి గోడ నీడన ఆమెకు కునుకు పట్టింది. కలలో ఒక స్త్రీ కనుమలో ముందు నడుస్తున్నది. వీపు మాత్రమే కనిపిస్తున్నది.

"తల్లీ, నీ మొగం సూపించు" అని కెంచమ్మ అడిగింది.

"నా మొగం నీకెందుకు? మొన్న వచ్చినట్టు రా" అన్నది ఆమె.

"మొన్నటి దానిలాగా ఎట్లా వచ్చేది? నాకు చెప్పేసినారు."

"అయితే చెప్పనివాళ్ళ ఎనకాల రా."

కెంచమ్మ లేచి ఎంతోసేపు ఆలోచించింది. ఊరిలో పులిమాట చెవిన పడనివారు ఎవరూ లేరు. పాలు మరవని పిల్లలకు కూడా పులి పేరు చెప్పి అన్నం తినిపించే ఊరు అది. చివరికి, ఆ దారిన పోతున్న పూసలమ్మే ఆమెతో తన పుట్టింటికి కబురు పంపింది. ఒకసారి వచ్చి చూసిపొమ్మని తన తల్లి సాకమ్మకు చెప్పమన్నది. తరువాత మామ దగ్గరకు వెళ్ళి, తన తల్లికి పులిమాట ఎవరూ చెప్పకుండా చూడమని కోరింది.

సిద్దప్పకు విషయం అర్థమైంది. "తెలిసి తెలిసి మీ అమ్మను ముందర పంపుతావా?" అన్నాడు.

"తెలియని మనిషి ముందర పోతాది మామా. తెలిసినదాన్ని, నేను ఎనకాల పోతా."

"పులి ఉంటే?"

"ఉంటే ఇద్దరం పోతాము."

సిద్దప్ప లేచి, గడప గడపకూ వెళ్ళి అందరిచేత ఒట్టు వేయించుకున్నాడు. నలభై గడపల ఊరు నోరు మూసుకొని ఉండడమే అమ్మవారి మొదటి మహిమ అని మా నాయన అంటూ ఉండేవాడు.

ఐదోనాడు సాకమ్మ వచ్చింది. ఆమె కూడా గొర్రెల వెంట పెరిగిన మనిషే. పొట్టిగా, గట్టిగా ఉండేది. నల్ల గొంగడి కప్పుకొని వచ్చింది. గొంగడికి వీపు నడుమ తెల్లఉన్నితో వేసిన అతుకు ఉంది. మరునాటి ఉదయం కెంచమ్మ తల్లిని మందకు ముందు నడిపించి, తాను పొట్టేలుకు ముందు, ఆమె వెనుకనే నడిచింది. సాకమ్మ ఒక కూత పెట్టడం, ఒక మాట అనడం, మళ్ళీ ఒక కూత పెట్టడం.

"మీ అత్తగారింట్లో మజ్జిగ నీళ్ళకంటే పల్చగుండాదేమ్మే. గొర్రెలోళ్ళ ఇల్లేనా అది?"

మలుపు దగ్గర పడుతున్నకొద్దీ కెంచమ్మ తల్లికి ఇంకా దగ్గరగా జరిగి నడిచింది. అమ్మా ఆగు, ముందు పులి ఉంది అని అరవాలని నోటిదాకా వచ్చింది. అరిస్తే తల్లి కూడా పులిని చూస్తుంది. మంద తిరుగుతుంది. అరవకపోతే, పులి నిజంగా ఉంటే, కన్నతల్లిని చేతులారా పంపినదవుతుంది. ఆమె రెండు చేతులతో నోరు మూసుకొని, తల్లి వీపు మీది తెల్ల అతుకును మాత్రమే చూస్తూ నడిచింది. కుడిఎడమలు చూడలేదు. ఆమెకు అప్పుడు ప్రపంచమంతా ఆ అతుకు అంతే ఉన్నది.

మంద ఆగలేదు. సాకమ్మ గొంతులో తడబాటు లేదు గనుక పొట్టేలు ఆగలేదు. గొర్రెల డెక్కల చప్పుడు మలుపు దాటి లోయవైపు దిగిపోయింది.

మందను ముందుకు పోనిచ్చి, అతుకు దారి పక్కన ఒకచోట నిలిచింది. "కొంచెం కూసుంటాగాని, కాలిలో ముల్లు ఇరిగింది" అన్న మాట వినిపించింది.

కెంచమ్మ తల ఎత్తింది. తన తల్లి పులి మెడ మీద కూర్చొని ముల్లు తీసుకుంటున్నది. ఒక్క క్షణం పులీ కనిపించింది, తల్లీ కనిపించింది. ఆ తరువాత తల్లి, బండ మాత్రమే మిగిలాయి. కెంచమ్మ తల్లి కాళ్ళ దగ్గర కూర్చొని భోరున ఏడ్చింది.

"యాల ఏడుస్తావే? మీ అత్త ఏమన్నా అనిందా? చెప్పు, పోయి అడుగుతా."

"లేదమ్మా. నువ్వు వచ్చినావని."

"వచ్చినందుకు ఏడుస్తారా యాడన్నా? మొగం కడుక్కుందువు పా. నీళ్ళు ఉన్నట్టుండాయి" అని సాకమ్మ ముల్లు పారేసి లేచింది.

ఆ సాయంత్రం మోకాళ్ళ దాకా ఎర్రమన్నుతో మంద ఇల్లు చేరింది. మరునాడు సిద్దప్ప సాకమ్మ వెనుక నడిచాడు. ఆ మరునాడు ఊరిలోని మందలన్నీ నడిచాయి. వానలు పడేదాకా నలభై రోజులు సాకమ్మను ఊరు కదలనివ్వలేదు. డెబ్బై గొర్రెలూ నిలిచాయి. ఒక్క వాన కురిసిన తరువాత ఆమెకు కొత్తచీర పెట్టి, ఊరి పొలిమేర దాకా ఆమె వెనుకనే నడిచి సాగనంపారు.

సాకమ్మకు అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. అప్పుడూ చెప్పలేదు, తరువాతా చెప్పలేదు. జాలవాండ్లపల్లెలో చుట్టమొస్తే మర్యాదకు ముందర నడిపిస్తారని ఆమె అనుకున్నది. తన ఊరికి పోయి, బతికినంత కాలం ఆ ఊరి మర్యాదను పొగుడుతూనే ఉన్నది. మజ్జిగ సంగతి కూడా చెప్పేదట. ఆమె పోయిన తరువాత కెంచమ్మ, మాళప్ప కలిసి కనుమలో ఆమె రూపాన్ని నిలిపారు. కెంచమ్మ ఆనాడు చూసినది వీపు గనుక వీపే చెక్కించారు. ముందు నడిచిన అమ్మ గనుక ముందరమ్మ అయింది. ఆమె అనుకున్న మర్యాదే మాకు ఆచారమయింది.

ఈనాటికీ శ్రావణమాసం మొదటి సోమవారం ఊరి మందలన్నీ కనుమ దాటుతాయి. ముందు నడవడానికి ఎక్కడినుంచో ఒక కొత్తచుట్టాన్ని పిలిపించుకుంటారు. ఎందుకు పిలిచారో ఆ చుట్టానికి చెప్పరు. పలచని మజ్జిగ నైవేద్యం పెడతారు. చిక్కటి మజ్జిగ ఎవరైనా తెస్తే అందులో నీళ్ళు పోస్తారు. ఆపరేషనుకు భయపడేవారు, పరీక్షకు భయపడేవారు, ఒకసారి దెబ్బతిన్న పనిని మళ్ళీ మొదలుపెట్టడానికి వెనకాడేవారు ఎక్కువగా వస్తారు. భయం పోయిందని చెప్పి వెళ్ళినవారు ఉన్నారు. భయం పోలేదుగాని పని అయిందని చెప్పినవారు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు.

కొత్తగా ముందు నడిచినవారు తమకు బండ ఏ రూపంలో కనిపించిందో ఎవరికీ చెప్పకూడదు. వినడం పాతవారికి కుతూహలమే. కాని చెప్పిన ప్రతి మాటా వెనుక వచ్చేవారి కళ్ళలో కూర్చుంటుంది. ఇంటికి వెళ్ళిన తరువాత మీవాళ్ళు అడిగినా చెప్పవద్దు. వారిని తీసుకురావాలనిపిస్తే, పోదాం రమ్మని మాత్రం పిలవండి.

ఇది రాస్తున్న నేను కెంచమ్మ సంతతిలో ఆరోతరం వాడిని. ఇక్కడి అర్చకుడిని. నడక రాకముందే నాకు ఈ కథ చెప్పారు. అందువల్ల నేను ఈ కనుమలో ఒక్కనాడూ ముందు నడవలేదు, రోజూ ఎవరో ఒక కొత్తవారి వెనుకనే ఎక్కుతాను. యాభై ఏళ్ళుగా ప్రతి ఉదయం మలుపు తిరగగానే నాకు మొదట కనిపించేది పులే. బండ అని తెలుసు. పసుపు రాసేది నేనే, కడిగేది నేనే. అయినా మొదట పులే. నాలాంటివాడు అర్చకుడేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించేది.

నాకు పులి కనిపించని రోజు ఒకటే ఉంది. నా పెళ్ళి అయిన పదకొండో రోజు. నా భార్య తీరప్రాంతపు పిల్ల. కొండ అంటేనే ఆమెకు కొత్త. ఆ ఉదయం కొంగు నడుముకు చుట్టి, దారి అడగకుండానే నాకు ముందు నడిచింది. నేను ఆమె వీపునే చూస్తూ నడిచాను, బండను చూడడం మరచిపోయాను. ఆమె వెళ్ళి బండ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి నవ్వింది.

ఆ రోజు ఆమెకు ఏమి కనిపించిందో నలభై రెండేళ్ళుగా నాకు చెప్పలేదు. నేను అడగలేదు. మీ ఇంట్లోనూ మీకు ముందు నడిచేవారు ఒకరు ఉండాలనీ, వారి వీపు మీకు కనిపిస్తూ ఉండాలనీ ముందరమ్మను వేడుకుంటున్నాను.